తడపని నవారు

మా మేనత్త బతికే ఉందని నాకు తెలుసు. నాతవరంలో కొడుకు దగ్గర ఉంటోందనీ, చూపు తగ్గినా నోరు మాత్రం తగ్గలేదనీ వింటూనే ఉన్నాను. నర్సీపట్నంలో నా టైలరు షాపు ఎదురుగానే నాతవరం ఆటోలు నిలబడతాయి. చెయ్యెత్తితే ఆపుతారు, ఎక్కి కూర్చుంటే చాలు. ఏనాడూ ఎక్కలేదు. చిన్నప్పటి సంగతులు రాసేవాళ్ళు అదేదో పాలమీగడలాగా రాస్తారు. అమ్మ చేతి ముద్ద అంటారు, అత్తయ్య పెట్టిన జంతికలంటారు, రాస్తూ రాస్తూ కళ్ళు తుడుచుకుంటారు. నాకు ఆ రోజులు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. మండుతూనే రాస్తున్నాను. ఎవరికైనా నచ్చకపోతే పుస్తకం మూసెయ్యొచ్చు.

ఒక ఆదివారం మధ్యాహ్నం షాపు తలుపు ఒక రెక్క వేసి, పెళ్ళివారి సఫారీ ఒకటి కత్తిరిస్తున్నాను. గుమ్మంలో ఒక కుర్రాడు నిలబడ్డాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. పొట్టి జుట్టు, మోకాళ్ళదాకా జారుతున్న టీషర్టు, దానిమీద ఆ ఎండలో మళ్ళీ ఒక జాకెట్టు. "అప్పలరాజు మావయ్యేనా అండి?" అన్నాడు. మావయ్య అనే హక్కు ఎవరిచ్చారా అని చూశాను. "నాతవరం నుంచండి. సత్తిబాబు గారి..." అని ఆగిపోయాడు. సత్తిబాబు మా మేనత్త కొడుకు, నాకు బావ. ఆయనకున్నది ఒక్కతే కూతురని విన్నాను. కూతురినని ఈ అబ్బాయి అనలేడు, కొడుకునంటే నేనేమంటానో తెలీదు. "నా పేరు అనిల్ అండి. మా మామ్మ పంపింది" అన్నాడు చివరికి.

నాకు అర్థం కావడానికి ఆ ఆగడం చాలు. నన్నూ ఆడపిల్లగానే కన్నారు, ఆడపిల్ల పేరే పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను. నేను మగవాణ్ణని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు, ఊరికి తెలియడానికే సగం జీవితం పట్టింది. అదే కుటుంబంలో, ఒక తరం తర్వాత మళ్ళీ ఒకడు పుట్టాడన్నమాట. పోన్లే, పుట్టనీ. కానీ వాణ్ణి నా దగ్గరికి పంపింది మా మేనత్తా? కూర్చోమని స్టూలు జరిపాను. వాడు కర్రలా నిటారుగా కూర్చున్నాడు, వంగలేదు. సగం ఊపిరి తీసుకుని ఆపి, మళ్ళీ సగం తీసుకుంటున్నాడు. మాటకీ మాటకీ మధ్య నోరు తెరుస్తున్నాడు. ఆ ఊపిరి నాకు తెలుసు.

"లోపలేటి కట్టేవు?" అన్నాను.

"క్రేప్ బ్యాండేజీ అండి. రెండు కట్టేను, ఒకదానిమీద ఒకటి."

"ఎప్పుడు కట్టేవు?"

"విప్పట్లేదండి. తానం సేసినప్పుడు మార్సుకుంటాను. నిద్రలో విప్పితే, నాన్న తలుపు తోసుకుని ఎప్పుడొస్తాడో తెలీదు."

"లోపల గదుంది. ఎల్లి విప్పీ."

"విప్పనండి" అన్నాడు. భయపడుతూనే అన్నాడు గానీ గట్టిగా అన్నాడు. పెదాల అంచులు నల్లబడుతున్నాయి, విప్పనంటాడు. నా కోపం వాడిమీద కాదు. కానీ ఎదురుగా ఉన్నది వాడే కాబట్టి వాడిమీదే అరిచాను.

మా ఇల్లు నర్సీపట్నంలోనే, బలిఘట్టం వెళ్ళే దారి వైపు. నాన్న బలిఘట్టం దగ్గర చెరుకు పండించేవాడు. ఇంటికి పెద్ద మాత్రం నాన్న కాదు, మేనత్త. నాతవరంలో మొగుడు పోయాక కొడుకును చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. వచ్చిన మర్నాటి నుంచి వంటింటి తాళాలు ఆవిడ బొడ్లోనే ఉండేవి. అమ్మ ఆ ఇంటి కోడలైనా, కూరలో ఉప్పెంత వెయ్యాలో అత్తనే అడిగేది. అత్త అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, ఆ పొగలోంచే అందరికీ పనులు చెప్పేది. ఆవిడ ఏ గదిలో ఉందో కళ్ళు మూసుకుని కూడా చెప్పగలిగేవాళ్ళం. ఇప్పటికీ ఎక్కడైనా చుట్ట కంపు తగిలితే నా వెన్ను దానంతటదే నిటారవుతుంది.

ఆవిడకి ప్రాణం నవారు మంచాలంటే. ఏటా ఎండలు ముదరగానే ఇంట్లో మంచాలన్నీ వాకిట్లోకి లాగించేది. నవారు విప్పించి, సోడా నీళ్ళలో ఉడకబెట్టించి, బండమీద బాదించి, దడిమీద ఆరేయించేది. దడి పొడుగునా తెల్లటి పట్టీలు వేలాడేవి, వాకిలంతా సోడా వాసన. సాయంత్రం నాన్నా నేనూ అల్లడానికి కూర్చునేవాళ్ళం. నాన్న ఒక పట్టెమీద కాలు తన్నిపెట్టి లాగేవాడు, నేను ఎదురు పట్టె దగ్గర తిప్పి అందించేవాణ్ణి. నా పట్టు బాగుంటుందని నాన్న అనేవాడు. ఆయన నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. అల్లడం అయ్యాక అత్త వచ్చి పిడికిలితో మధ్యలో గుద్ది చూసేది. కాస్త కుంగినా మొత్తం విప్పించేది. కొత్త నవారైతే ఇంకో తతంగం. సంతలో కొన్న కొత్త నవారును తడపకుండా మంచానికి ఎక్కించకూడదు. రాత్రంతా గోలెంలో నానబెట్టి, పిండకుండా ఆరబెట్టి, అప్పుడు అల్లాలి. ఎందుకంటే కొత్త నూలు మొదటిసారి తడిస్తే కుంచించుకుపోతుంది. తడపకుండా అల్లిన మంచంమీద పిల్లాడు ఉచ్చ పోసినా చాలు, పట్టెలు లోపలికి వంగి కోళ్ళు మెలితిరుగుతాయి. ఇది మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకు అందరికంటే బాగా తెలుసు.

నేను పెద్దమనిషినైనప్పుడు అత్త సంబరం చూడాలి. మేనరికం మాట నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడే అయిపోయింది. నన్ను తాటాకు చాపమీద కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లం రోట్లో దంచి చిమ్మిలి ఉండలు చేసి, వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిచింది. "తిను, నా కోడలు బలంగుండాల" అని ఉండ తరవాత ఉండ నోట్లో కుక్కింది. చుట్టూ పాటలు, పసుపు, హారతి. ఆ ఒంటిమీద ఏం జరుగుతోందో నాకే అసహ్యంగా ఉంటే, ఊరంతా వచ్చి దానికి హారతి పట్టింది. నేను వాంతి చేసుకుంటే దిష్టి తగిలిందన్నారు. ఆ తరవాత లాగులు పోయాయి, వోణీ వచ్చింది. కబడ్డీ పోయింది. బడి కూడా మానిపించెయ్యమంది అత్త. "పది పూర్తవనీ అప్పా" అని నాన్న బతిమాలాడు. తమ్ముడి మాట తీసెయ్యలేక, పదో తరగతి పరీక్షలవగానే లగ్గం పెట్టుకుందామంది. సత్తిబాబు బావని ఎవరూ ఏమీ అడగలేదు, నన్నూ అడగలేదు.

బడిలో వోణీ ఎంత బిగించి చుట్టుకున్నా లోపల పెరిగేది పెరుగుతూనే ఉంది. అప్పట్లో దీనికో దుస్తు ఉంటుందని ఎవరికి తెలుసు? మాలాంటివాళ్ళు ఉంటారనే తెలీదు. పెళ్ళి మంచం కోసం అత్త కొత్త నవారు చుట్ట తెచ్చి అటకమీద దాచింది. ముహూర్తం దగ్గర పడ్డాక తడుపుదామని అలాగే ఉంచింది. దాని చివర నుంచి నాకు కావలసినంత కోసుకున్నాను. పాత నవారు ముట్టుకుంటే తగ్గిందని కనిపెట్టేస్తుంది, చుట్టలో లోపలి కొస తగ్గితే తెలీదని నా తెలివి. రోజూ బడికి వెళ్ళేముందు, మంచం అల్లినట్టే బిగించి వెనక ముడేసేవాణ్ణి. చంకల కింద ఒరుసుకుపోయి పుళ్ళు పడ్డాయి. అయినా అద్దంలో నా ఛాతీ చదునుగా కనపడ్డ ఆ కాసేపూ నాకు ఆకలి కూడా వేసేది కాదు. ఎంత నొప్పిగా ఉన్నా ఆ సుఖం అబద్ధం కాదు. ఆ సంగతి తెలుసు కాబట్టే అనిల్ ఎందుకు విప్పనంటున్నాడో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

చెరుకు గానుగాడే రోజుల్లో ఒకనాడు బలిఘట్టం బెల్లం పాకకి నాన్నకి క్యారేజీ తీసుకెళ్ళాను. దారిలో అకాల వర్షం పట్టుకుంది. తల నుంచి కాళ్ళదాకా తడిసి ముద్దయ్యాను. పాకలో పెద్ద పెనంలో చెరుకు రసం కుతకుతలాడుతోంది, కింద పిప్పి మంట. "మంట కాడ కూకో, ఆరిపోతాది" అంది అప్పటికే అక్కడున్న అత్త. కూర్చున్నాను. అంత నవారు అల్లినవాణ్ణి, అంత తెలిసినవాణ్ణి, నా ఒంటిమీదున్నది తడపని నవారని ఆ క్షణాన తట్టలేదు. మొదట కొంచెం బిగిసినట్టనిపించింది. చలికేమో అనుకున్నాను. తరవాత ఊపిరి పైకి రావడం మానేసింది. వెనక్కి చెయ్యి పెట్టి ముడి విప్పబోయాను. తడిసిన ముడి రాయిలా అయిపోయింది. నాన్నని పిలుద్దామంటే గొంతు లేదు. పిప్పి కుప్పమీద పడ్డాను. పెనంలోంచి లేస్తున్న తీపి ఆవిరి మొహానికి కొడుతోంది, అందులో ఒక్క గుక్కెడు గాలి నాలోకి రావడం లేదు.

కోసింది అత్తే. చెరుకు నరికే కత్తితో జాకెట్టూ, నవారూ ఒక్క లాగున కోసింది. బెల్లం వండే మనుషులంతా చూస్తున్నారు. నాన్న మొహం అటు తిప్పుకున్నాడు. ఊపిరి ఒక్కసారిగా లోపలికొచ్చింది, దాని వెనకే చెంపమీద దెబ్బ కూడా వచ్చింది. అత్త ఆ నవారు ముక్క ఎత్తి పట్టుకుని, "ఇది పెళ్ళి మంచం నవారు కాదేటి" అంది. మొదటి మాట అది. "ఎవలు నేర్పినారే నీకిది? ఎవలికి సూపిద్దావని కట్టినావు?" తరవాతి మాటలవి. ఇంటిదాకా జుట్టు పట్టుకుని నడిపించింది. పైన వోణీ కప్పుకోనివ్వలేదు, "సూడనీ, ఊరంతా సూడనీ" అంది. అమ్మ ఏడ్చింది గానీ అడ్డం రాలేదు. ఆరెంపీ డాక్టరొచ్చి నొక్కి చూసి, పక్కటెముక దెబ్బతిందన్నాడు, కట్టు కట్టాడు. వెళ్తూ వెళ్తూ, "పెళ్ళి సేసేయండి, అన్నీ సర్దుకుంటాయి" అని అదీ ఒక మందు రాసిచ్చినట్టే చెప్పాడు. బడి ఆ రోజుతో ఆఖరు. పది రాయనేలేదు. నేను మంచంలో ఉండగానే, కోసిన నవారు ముక్కని నాన్న చేత మళ్ళీ అతికించి కుట్టించి, పెళ్ళి మంచం అల్లించింది అత్త. ఈసారి బాగా తడిపించింది.

కాస్త నడవగలిగాక, అత్త సంతకి పోయిన పూట, నాన్న చొక్కా, బావ ప్యాంటు తొడుక్కుని పట్టపగలే ఇల్లు దాటాను. పాయకరావుపేటలో ఒక టైలరు మాస్టరు పనిలో పెట్టుకున్నాడు. పేరడిగితే అప్పలరాజన్నాను, ఆయన ఇంకేమీ అడగలేదు. మగవాడి చొక్కా మగవాడి ఒంటిని ఎలా చూపిస్తుందో, ఏది దాస్తుందో అక్కడే నేర్చుకున్నాను. అమ్మ పోయిన సంగతి దినాలన్నీ అయిపోయాక తెలిసింది. కబురు చేస్తే ఏ బట్టల్లో వస్తానోనని కబురే చెయ్యలేదట. నాన్న కూడా పోయాక నర్సీపట్నం తిరిగొచ్చి షాపు పెట్టాను. ఊరిమీద ప్రేమతో వచ్చానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. వాళ్ళ కళ్ళముందు బతకాలని వచ్చాను. అప్పుడు కొట్టేవాళ్ళు, ఇప్పుడు సెల్‌ఫోన్లో వీడియో తీస్తారు. అప్పుడు నాలాంటివాళ్ళకి పేరు లేదు. ఇప్పుడు పేరుంది, చట్టముంది, కలెక్టరాఫీసు నుంచి సర్టిఫికెట్టూ వస్తుంది. అది చూపించి పై వాటా అద్దెకడిగినా, ఇంటివాళ్ళకి ఏదో ఒక పెళ్ళి గుర్తొస్తుంది, వాటా తమకే కావాలంటారు. ఎదురుగా టైలరు గారూ అంటారు, మలుపు తిరిగాక ఏమంటారో నాకు తెలుసు. ఆ రోజులు మంచివన్నవాడి నోరూ, ఈ రోజులు మారిపోయాయన్నవాడి నోరూ రెండూ కుట్టెయ్యాలనిపిస్తుంది నాకు.

ఇదంతా అనిల్‌కి చెప్పలేదు. నాకు వినిపించింది వాడి ఊపిరొక్కటే. "మీ మామ్మకెలా తెలిసింది?" అన్నాను.

"ఆవిడ గదిలోనే పడుకుంటానండి. నా ఊపిరిని బట్టి కనిపెట్టీసింది. 'ఏటి కట్టినావు' అని తడిమి సూసింది. తిడతాదనుకున్నాను. పొద్దున్న నాన్న పొలం ఎల్లేక, 'నర్సీపట్నంలో మీ మావయ్యున్నాడు, బేగి ఆడికాడికెల్లు' అన్నాది."

అన్నేళ్ళలో ఆ ఇంటి నుంచి నన్ను మొదటగా మావయ్యని చేసింది ఆవిడా అని నవ్వొచ్చింది. నవ్వలేదు. "ఇప్పుడు విప్పుతావా, నన్ను కత్తెర తెమ్మంటావా?" అన్నాను.

"విప్పితే ఆటోలో ఎలగెల్తానండి? పక్కనోళ్ళు తగుల్తారు, సూస్తారు." కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఎల్లకపోతే నాన్న ఎతుక్కుంటా వస్తాడు."

అలమరలోంచి ఒక చొక్కా తీశాను. ఎవరో కుట్టించుకుని తీసుకెళ్ళనిది. ముదురు నీలం, చిన్న గళ్ళు, గుడ్డ గట్టిది, రెండు పక్కలా జేబులు. వాడి భుజాలమీద పెట్టి చూసి, భుజం కుట్టు సరిగ్గా ఎముకమీద పడేటట్టు అక్కడికక్కడే లోపలికి తీసి మిషనుమీద కుట్టాను. "ఈ జారిపోయే టీషర్టులు ఎవడు సెప్పేడ్రా నీకు? భుజం కిందకి జారితే ఛాతీ ముందుకొస్తాది. మగాడి చొక్కా భుజం మీద నిలబడాల. ఇది తొడుక్కుంటే లోపలేమీ లేకపోయినా నిన్నెవడూ సూడడు. ఎల్లు" అని తెర వెనక గదిలోకి తోశాను.

వీపు అటు పెట్టి సఫారీ కత్తిరిస్తూ కూర్చున్నాను. తెర వెనక ఎంతకీ చప్పుడు లేదు. అప్పుడు కసురుతూ మొదలుపెట్టాను. ఇంకెవరూ వాడికి చెప్పరు కాబట్టి నేనే చెప్పాలి. "క్రేప్ బ్యాండేజీ బెణికిన కాలికి కట్టేది, పక్కటెముకలకి కాదు. నువ్వు ఊపిరి ఒదిలినప్పుడల్లా అది ఇంకాస్త బిగుస్తాది, తిరిగి ఒదలదు. దీనికని కుట్టిన బనీను దొరుకుతాది, బైండర్ అంటారు. నీ కొలతకే తీసుకో, ఒక సైజు తక్కువైతే బాగా దాస్తాదని తెలివితేటలకి పోకు. నేనలగే పోయేను, నా ఎముక ఇంకా పొడుస్తాది. పని రోజుల్లో ఎనిమిది గంటలకి మించి ఒద్దు. పడుకున్నప్పుడు ఒద్దు, బరువులెత్తినప్పుడు ఒద్దు. నొప్పెడితే అప్పుడే తీసీ. విప్పేక గట్టిగా దగ్గు, గుండె నిండా గాలి పీల్చు. ఇంట్లో తీయలేనంటే ఈ షాపుకొచ్చి తియ్యి, రోజూ రా, నాకేటి. ఇంజెక్షన్లు మెడికల్ షాపులో ఎవడో ఇస్తన్నాడని పొడిపించుకోకు. విశాఖపట్నంలో డాక్టరు దగ్గరికెల్లు, రక్తపరీక్షలు చేయించుకో. మీసం బేగి రావాలని డోసు పెంచితే మీసం రాదు, రోగమొస్తాది. నాకు నలభై దాటేకొచ్చింది, ఏటి పోయింది? ఆడాళ్ళ డాక్టరు దగ్గరికి పోడానికి సిగ్గుపడకు. లోపలున్నవి ఉన్నన్నాళ్ళూ వాటిక్కూడా రోగాలొస్తాయి. బస్టాండు బాత్రూములో మగాళ్ళ వైపే ఎల్లు, తలుపున్న గదిలోకెల్లు, ఎవడి మొహం సూడకు. నీరు తాగడం మాత్రం మానీకు, అలగ మానీసే మనోళ్ళలో సగం మంది ఆస్పత్రి పాలవుతారు..."

మాట మధ్యలో ఆపేశాను. తెర వెనక దగ్గు వినపడింది. గట్టి దగ్గు, దాని వెనక ఇంకోటి, తరవాత ఏడుపు. ఏడుపు మధ్యలో ఊపిరి, పొడుగ్గా, అడ్డు లేకుండా. నేను వెనక్కి తిరగలేదు. కత్తెర పక్కన పెట్టి అది వింటూ కూర్చున్నాను.

బల్లమీద వాడి సెల్ మోగింది. దానిమీద మామ్మ అని పడింది. "మావయ్యా, తియ్యండి, నాను సొక్కా ఏసుకుంటన్నాను" అన్నాడు లోపల నుంచి. మోగనిచ్చాను. ఆగి మళ్ళీ మోగింది. తీశాను. అవతల ముందు గురక లాంటి ఊపిరి, తరవాత ఆ గొంతు. సన్నబడింది గానీ అదే గొంతు.

"ఆడికి ఊపిరి ఆడతన్నాదేటి?"

"ఆడుతోంది" అన్నాను.

మారిన గొంతైనా నేనేనని పోల్చుకుంది. ఆ రోజు బెల్లం పాక దగ్గర అంతమంది ఉన్నారు, ఇంట్లో అమ్మా నాన్నా ఉన్నారు, డాక్టరున్నాడు. నవారు గురించి అడిగారు, ఎవరు నేర్పారని అడిగారు, ఊరేమంటుందని అడిగారు. మంచంలో పడున్న రోజులన్నీ ఎవరైనా ఈ ఒక్క మాట అడుగుతారేమోనని గుమ్మం వైపే చూస్తూ ఉండేవాణ్ణి.

"ఈ మాట నన్నడగలేదు అత్తా నువ్వు" అన్నాను.

"అడగలేదు" అంది.

తప్పైందని అనలేదు. అన్నా నేను మన్నించేవాణ్ణి కాదు. ఫోను పెట్టేశాను.